డబ్బులిచ్చేది డెయిరీ, తడి చేతులు కేంద్రంలో

ఈ వారం ఉత్తరం హైదరాబాద్ నుంచి వచ్చింది. తన పేరు, కంపెనీ పేరు రాయవద్దని కోరారు. వయసు 31. నలభై మంది పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో రెండేళ్లుగా ప్రొడక్ట్ మేనేజర్, అంటే యాప్‌లో ఏముండాలో, ఏది ముందు చేయాలో చూసే మనిషి. వాళ్లు డెయిరీలకు ఒక యాప్ అమ్ముతారు. ఊళ్లలో పాల కేంద్రం దగ్గర ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, వెన్న ఎంత వచ్చింది, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో వెన్న, నీళ్లు పోగా మిగిలే ఘన పదార్థం) ఎంత, లీటరుకు రేటు ఎంత పడింది, అన్నీ అందులో ఎక్కించాలి. పదిహేను రోజులకోసారి రైతు ఖాతాలో పడే బిల్లు ఆ లెక్కల మీదే తయారవుతుంది.

మూడు నెలల కిందట ఆమె ఒంగోలు వైపు ఒక ఊళ్లో రెండు రోజులుండి పాల కేంద్రం ఎలా నడుస్తుందో చూశారు. ఉదయం ఐదున్నరకే గిన్నెలు, క్యాన్లతో వరుస. పాలు కొలవడం, శాంపిల్ తీసి వెన్న కొలిచే మిషన్‌లో పెట్టడం, అంకె చూసి చెప్పడం, అన్నీ కేంద్రం నడిపే పెద్దాయన ఒక్కరే చేస్తారు. చేతులెప్పుడూ తడే. తడి వేలికి ట్యాబ్ తెర పలకదు. మిషన్ పాతది, యాప్‌తో కలవదు కాబట్టి అంకె చూసి చేత్తో కొట్టాలి. ఒక్కో మనిషికి ఆరుసార్లు నొక్కాలి. పాత సభ్యుల నంబర్లు ఆయనకు కంఠతా వచ్చు గానీ, డెయిరీ కొత్తగా ఇచ్చిన పదకొండు అంకెల కోడ్లు ఎవరికి గుర్తుంటాయి? అందుకని ఆయన పొడుగాటి నోట్‌బుక్‌లో బాల్‌పెన్‌తో రాసేసుకుంటారు. ఏడున్నరకు పాల వ్యాన్ వెళ్లిపోయాక, టీ తాగి, క్యాన్లు పక్కన పెట్టి, తీరిగ్గా కూర్చుని నోట్‌బుక్ చూస్తూ ట్యాబ్‌లో కొడతారు. ఆ నోట్‌బుక్‌లో కొన్ని పేర్ల పక్కన ఎర్ర సిరాతో చిన్న చిన్న సున్నాలు కూడా కనిపించాయట. ‘ఎంట్రీ స్క్రీన్ నెలలో మార్పిస్తాను బాబాయ్’ అని మాటిచ్చి వచ్చేశారు.

ఆఫీసుకు వచ్చి పద్నాలుగు పేజీల రిపోర్టు రాశారు. కంపెనీ పెట్టినాయన చదివి, ‘మనకు డబ్బులిచ్చేది డెయిరీ, ఆ పెద్దాయన కాదు’ అన్నారు. కార్ల కంపెనీ పెట్టిన హెన్రీ ఫోర్డ్ ఏం కావాలని జనాన్ని అడిగి ఉంటే ఇంకా వేగంగా పరిగెత్తే గుర్రాలే కావాలనేవారని కూడా చెప్పారు. సేల్స్ హెడ్ చేతిలో ఒక పెద్ద డెయిరీ ఉంది. వచ్చే నెల డెమో. వాళ్లకు రంగుల గ్రాఫుల డాష్‌బోర్డు కావాలి, రేపు ఎన్ని లీటర్లు వస్తాయో చెప్పే ఏఐ కావాలి. మీటింగులో ఈమె మళ్లీ పెద్దాయన మాట ఎత్తితే, ‘నువ్వు ప్రొడక్ట్ మేనేజర్‌వా, ఎన్జీవో నడుపుతున్నావా?’ అన్నారట ఆ సేల్స్ హెడ్. అందరూ నవ్వారు. ఇంట్లో భర్త మాట ఇంకోటి: ‘చెప్పింది చేసెయ్, ఇంటి లోను ఉంది.’ రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, ఆఫీసు మెయిల్ తెరవాలంటేనే టెన్షన్ అని రాశారు. ఆమె అడిగింది ఒకటే: పోరాడనా, నోరు మూసుకుని చెప్పింది చేయనా?

ముందు ఆ నవ్వు సంగతి. మీ ఉత్తరంలో అసలు మండుతున్నది అదేననిపించింది. ఆ మాట అనడం తప్పే. అయినా ఆ జోకు అంత తేలిగ్గా ఎలా పేలిందో ఒకసారి చూడండి. మీ రిపోర్టులోంచి నాలుగు పేరాలు నాకు పంపారు. వాటిలో ‘రైతు’ ఉంది, ‘కష్టం’ ఉంది, ‘పాపం’ రెండుసార్లు ఉంది. ‘డెయిరీ’ అన్న మాట ఒక్కసారీ లేదు. వినేవాళ్లకు అది ఎవరి తరఫునో తెచ్చిన అర్జీలా అనిపించడంలో ఆశ్చర్యం లేదు. మీరు ఆ ఊరి నుంచి తెచ్చింది మాత్రం మీ కంపెనీ అమ్మబోతున్న సరుకులో ఉన్న పెద్ద చిల్లు కబురు. దాన్ని జాలి కబురులా చెప్పారు.

ఎలాగంటారా? ఆ డాష్‌బోర్డును డెయిరీ మేనేజరు ఎన్నింటికి తెరుస్తారు? పొద్దున ఏడింటికి. ఏ రూటులో ఎన్ని లీటర్లు వస్తున్నాయి, చల్లబరిచే కేంద్రంలో చోటు సరిపోతుందా, ట్యాంకరు ఎటు పంపాలి అని చూసుకోవడానికి. పాలు ఆగే సరుకు కాదు, కొన్ని గంటల్లో నాలుగు డిగ్రీలకు దింపకపోతే ఎండాకాలంలో చేతికి రావు. సరిగ్గా ఆ వేళకు మీ పెద్దాయన ట్యాబ్‌లో ఏముంటుంది? ఏమీ ఉండదు. అంకెలన్నీ నోట్‌బుక్‌లో ఉంటాయి, నోట్‌బుక్ బల్ల మీద పాల మరకల మధ్య ఉంటుంది. ఎన్ని రంగులు వేసినా ఏడింటికి ఆ గ్రాఫు ఖాళీగానే కనిపిస్తుంది. రేపటి లీటర్లు చెప్పే ఏఐకి తిండి పెట్టేదీ ఆ ఎంట్రీలే. పైగా నోట్‌బుక్ నుంచి ట్యాబ్‌కు ఎక్కించేటప్పుడు వెన్న 6.8 కాస్తా 8.6 అయిందనుకోండి, డెయిరీ జేబుకు చిల్లు. 6.3 అయితే పాలు పోసిన ఏ సుబ్బమ్మ గారి జేబుకో. ఆవిడ మర్నాడు కేంద్రం దగ్గర గొడవ పెట్టుకుంటారు, వారం తర్వాత ఇంకో డెయిరీ కేంద్రానికి గిన్నె మారుస్తారు. పాలు పోసేవాళ్లు జారిపోవడం కంటే డెయిరీకి పెద్ద భయం ఏముంటుంది?

అంటే డబ్బులిచ్చే డెయిరీకి కావలసిందీ, పెద్దాయన తడి చేతికి కావలసిందీ ఈ ఒక్క విషయంలో ఒకటే. మీరూ మీ సేల్స్ హెడ్డూ ఒకే బండిని చెరో వైపు నుంచి లాగుతున్నారు.

దీన్ని రుజువు చేయడానికి మీరు మళ్లీ ఊరు వెళ్లక్కర్లేదు, కుర్చీలోంచి లేవక్కర్లేదు. మీ సర్వర్లో ప్రతి ఎంట్రీ పక్కన అది ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు పడిందో ఉంటుంది కదా. యాప్ వాడుతున్న కేంద్రాలన్నిటివీ ఒక నెలవి తీయించండి. పాలు పోస్తున్నప్పుడే కొడుతుంటే ఎంట్రీలు ఐదున్నర నుంచి ఏడున్నర దాకా, మనిషికీ మనిషికీ ఒకటి రెండు నిమిషాల ఎడంతో పరుచుకుని ఉండాలి. ఎనిమిదిన్నర తర్వాత అర నిమిషానికొకటి చొప్పున గుట్టగా పడి ఉంటే అక్కడా ఒక నోట్‌బుక్ ఉన్నట్టే. ‘ఎవరో ఒక పెద్దాయన’ అన్న మాటకు అప్పుడు చోటుండదు. పద్నాలుగు పేజీలు పక్కన పెట్టి ఈ ఒక్క పట్టిక చూపించండి. పైన ఒక వాక్యం చాలు: ఏడింటికి డెయిరీ చూసే గ్రాఫులో ఇన్ని కేంద్రాలు ఖాళీగా ఉంటాయి.

ఒకవేళ లెక్క తీస్తే పది కేంద్రాల్లోనే అలా ఉండి, మిగతావి సవ్యంగా ఉంటే? అప్పుడు తగ్గాల్సింది మీరే. ఆ పది కేంద్రాలకు మనిషిని పంపి నేర్పిస్తే సరిపోవచ్చు, స్క్రీన్ మార్చే పని లేకపోవచ్చు. రెండు రోజులు ఒక్క ఊరు చూసి వచ్చినవాళ్లకు ఆ ఊరంటే ఒక మమకారం పట్టుకుంటుంది. నాకూ పట్టుకుంది ఒకప్పుడు.

2004లో విజయవాడలో మందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే చిన్న సంస్థలో ఉండేవాణ్ని. షాపులవాళ్లందరిదీ ఒకటే ఫిర్యాదు, ‘స్పీడు లేదండీ’ అని. సరే అని నాలుగు నెలలు రాత్రీ పగలూ కూర్చుని బిల్లు సగం టైములో వచ్చేలా చేశాం. తీసుకెళ్లి పెట్టాం. ‘బాగుందండీ’ అన్నారు. వారం తర్వాత మళ్లీ, ‘స్పీడు లేదండీ.’ ఒళ్లు మండింది. ఒక సాయంత్రం బీసెంట్ రోడ్డు దగ్గరి షాపులో కౌంటర్ వెనకాల స్టూలు వేసుకుని కూర్చున్నాను. కుర్రాడు మందు పేరు కొట్టాడు, ఉందని తెర మీద చూశాడు, లోపలికి వెళ్లాడు. ఎంతకీ రాడు. వెళ్లి చూస్తే నిచ్చెనెక్కి అరలు వెతుకుతున్నాడు. వాళ్లు స్పీడు అంటున్నది అదీ! మందు పేరు పక్కన అర నంబరు కనిపించేలా పెట్టాం. రెండు రోజుల పని. ఆ నాలుగు నెలలు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అందుకే మీ ‘ఆరు నొక్కులు’ మీద కూడా నాకు కాస్త అనుమానం ఉంది. ఆయన నోట్‌బుక్ రాయడానికి తడి చేయి ఒక కారణం. అదొక్కటే అని మీరెలా తేల్చారు? గొడవ వస్తే చూపించడానికి కాగితం కావాలేమో. రైతుకిచ్చే స్లిప్పు మీద అచ్చు నెల తిరిగేసరికి వెలిసిపోతుంది, బాల్‌పెన్ వెలవదు. పొద్దున కరెంటు పోతే ట్యాబ్ చార్జింగ్ సంగతేమిటి? రేపు మీరు రెండు నొక్కులకు తగ్గించినా ఆయన నోట్‌బుక్ మూయకపోతే, అప్పుడు నవ్వే నవ్వును మీరు ఆపలేరు.

ఇంకో నాలుగైదు కేంద్రాలు చూడండి. గేదె పాల ప్రాంతం ఒకటి చూశారు కాబట్టి చిత్తూరు వైపు ఆవు పాల కేంద్రం ఒకటి తప్పకుండా చూడండి, అక్కడ లెక్కలే వేరుగా ఉంటాయి. ఒక సాయంత్రం పూట కూడా నిలబడండి. అడిగేటప్పుడు మాత్రం ‘ఇలాంటిది ఉంటే వాడతారా?’ అని అడక్కండి. మన ఊళ్లలో ఎవరైనా ‘వాడం’ అంటారా? ‘ఎందుకు వాడమమ్మా, భేషుగ్గా వాడతాం’ అని మజ్జిగ కూడా ఇచ్చి పంపిస్తారు. ‘నిన్న సాయంత్రం మొట్టమొదట ఎవరు పోశారు? అప్పుడు మీరేం చేశారు? తర్వాత?’ అని అడగండి. జరిగిపోయినదాన్ని చెప్పడంలో మొహమాటం ఉండదు.

ఫోర్డ్ గుర్రాల మాటకొస్తే, అది ఆయన అన్నాడనడానికి ఆధారం ఎక్కడా దొరకలేదు. ఆధారం ఉన్న కథ ఇంకోటుంది. మోడల్ టి కారునే ఏళ్ల తరబడి పట్టుకుని కూర్చున్నాడు ఫోర్డ్. 1920ల్లో జనం రంగులూ, కొత్త రూపులూ కోరుతుంటే పోటీ కంపెనీ జనరల్ మోటార్స్ అవి ఇచ్చింది. చివరికి 1927లో ఆయన మోడల్ టి ఆపేయాల్సి వచ్చింది. ఇది మీటింగులో అందరి ముందూ అనకండి, లాభం లేదు. మీ బాస్ మాటలో సగం నిజం కూడా ఉంది. మన కిరాణా కొట్లలో మోగే సౌండ్‌బాక్స్ తీసుకోండి. 2016లో యూపీఐ వచ్చాక కొట్టువాళ్ల తలనొప్పి ఏమిటి? రద్దీలో డబ్బు పడిందో లేదో చూసుకోవడానికి ప్రతిసారీ ఫోన్ తీయాలి. కొందరు దొంగ స్క్రీన్‌షాట్లు చూపించి వెళ్లిపోయేవాళ్లు. ఏం కావాలని అడిగి ఉంటే ‘మెసేజ్ ఇంకా తొందరగా రావాలి’ అనేవాళ్లేమో. 2019 ప్రాంతంలో పేటీఎం ఆ మాట్లాడే పెట్టె తెచ్చింది. ఇన్ని రూపాయలు వచ్చాయని పైకి చెబుతుంది, తెలుగులో కూడా. కౌంటర్ దగ్గర కాసేపు నిలబడితే కొట్టువాడి చేతులు ఖాళీ లేవనీ, కళ్లు త్రాసు మీద ఉన్నాయనీ, చెవులు మాత్రం ఖాళీగా ఉన్నాయనీ ఎవరికైనా తెలుస్తుంది. దానికి నెల నెలా అద్దె కట్టి మరీ పెట్టుకున్నారు కొట్టువాళ్లు. కావలసినదాన్ని నోటితో చెప్పలేకపోవడం వేరు, కావలసింది లేకపోవడం వేరు. మీ బాస్ ఈ రెండింటినీ కలిపేస్తున్నారు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

చెప్పింది చేసేయడం ఒకటి. దాన్ని నేను తక్కువ చేయను, లోను లోనే. డెమో బాగా జరుగుతుంది, సేల్స్ హెడ్‌కు పేరొస్తుంది, ఆ డెయిరీ సంతకం పెడుతుంది. ఆర్నెల్ల తర్వాత కొత్త కేంద్రాల నుంచి ఎంట్రీలు రావడం లేదని ఫోన్లు మొదలవుతాయి. అప్పుడు అడిగేది సేల్స్‌ను కాదు, ‘ప్రొడక్ట్ బాగాలేదు’ అంటారు, ప్రొడక్ట్ అంటే మీరు. ఈ దారే పట్టేట్టయితే ఒక్క పని చేయండి: డాష్‌బోర్డులో ‘ఏడింటికల్లా ఎంట్రీలు పడుతున్న కేంద్రాలు’ అన్న ఒక గడి పెట్టించండి. ఎవరూ వద్దనరు, డెయిరీవాళ్లకు నచ్చుతుంది కూడా. ఆ గడి ఖాళీగా కనిపించిన రోజు మీ తరఫున అదే మాట్లాడుతుంది. కానీ సేల్స్ హెడ్‌కు ముందే చెప్పి పెట్టండి. చెప్పకుండా పెడితే అది ఉచ్చు బిగించినట్టవుతుంది, ఆ తర్వాత ఆయన మీ మాట ఎన్నటికీ నమ్మరు.

రెండో దారి, ఆ సేల్స్ హెడ్‌నే కేంద్రానికి తీసుకెళ్లడం. బాస్‌ను వద్దు. బాస్ వస్తే వెనక నలుగురు వస్తారు, పెద్దాయనకు కుర్చీ వేస్తారు, శాలువా, ఫొటో, అయిపోతుంది. సేల్స్ మనిషి ఒక్కరే వచ్చి, పొద్దున ఐదున్నరకు, వరుసలో పది మందివి స్వయంగా ట్యాబ్‌లో కొట్టాలి. తడి చేత్తో. నాలుగో మనిషి దగ్గరకొచ్చేసరికి వెనకనుంచి ‘ఎంతసేపయ్యా’ అని వినిపిస్తుంది. ఆయన నవ్వినందుకు శిక్షగా దీన్ని అనుకోకండి. డెయిరీ మేనేజర్లకు ఏ మాట చెబితే ఎక్కుతుందో ఆయనకు తెలుసు, మీకు తెలియదు. ఆయనొస్తే మీకు బలం. రాకపోవచ్చు, ‘టైము లేదు’ అనొచ్చు, అప్పుడు మీరు కొంచెం పలచనవుతారు. అంతకుమించి పోయేదేమీ లేదు. పెద్దాయనకు మాత్రం ముందే ఫోన్ చేసి చెప్పండి. ఆఫీసు నుంచి మనుషులొస్తున్నారంటే తనిఖీ అనుకుని ఆ రోజు నోట్‌బుక్ దాచేస్తారు.

మూడోది నాకు ఎక్కువ నచ్చినది, ప్రమాదం కూడా దానిలోనే ఎక్కువ. రెండు వారాలు, మూడు కేంద్రాలు, ఒక్క ఇంజనీరును అడగండి. మొత్తం స్క్రీన్ మార్చక్కర్లేదు. ఊళ్లో పాలు పోసేవాళ్లు ఇంచుమించు రోజూ అదే వరుసలో వస్తారు. నిన్న ఏ వరుసలో వచ్చారో ఈ రోజు అదే వరుసలో పేర్లు పైకి వస్తే పదకొండు అంకెల కోడ్ వెతికే పని పోతుంది. పేరు పక్కన పాత నంబరు, కింద వేలికి అందేంత పెద్ద అంకెలు. మొదలుపెట్టకముందే కాగితం మీద రాసి బాస్‌కు ఇవ్వండి: ‘రెండు వారాల్లో ఈ మూడు కేంద్రాల్లో సగం ఎంట్రీలైనా ఏడున్నర లోపు పడకపోతే ఈ విషయం మళ్లీ ఎత్తను.’ పడకపోతే నిజంగానే ఎత్తకూడదు. ఆ మాట ఇవ్వడానికి మనసొప్పకపోతే ఈ దారి మీది కాదు.

ఉద్యోగం మారడం నాలుగోది. ఇప్పుడున్న కోపంలో వద్దు. డబ్బులిచ్చేవాళ్లొకరు, వాడేవాళ్లొకరుగా ఉండే ప్రతి కంపెనీలోనూ ఈ గొడవ ఉంటుంది. ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ కొనేది యాజమాన్యం, రాత్రి డ్యూటీలో దానితో తంటాలు పడేది నర్సు. ఆ పట్టిక చూశాక కూడా మీ బాస్ ‘ఖాళీగా ఉంటే ఉండనీ, సంతకం అయితే చాలు’ అంటే మాత్రం మెల్లగా వెతుక్కోవడం మొదలుపెట్టండి.

ఒక చోట మాత్రం అందరి అవసరమూ ఒకటి కాదు. మిషన్ సరిగా కడక్కపోతే వెన్న అంకె తప్పు చూపిస్తుంది, కాబట్టి పెద్దాయనకు దాన్ని దిద్దే వీలు కావాలి. దిద్దే వీలుంటే మోసం జరుగుతుందని డెయిరీకి భయం, తాళం వేయమంటుంది. రైతుకు ఇద్దరి మీదా అనుమానమే. దిద్దనివ్వండి, దిద్దిన సంగతి స్లిప్పు మీద పడనివ్వండి అని నా సలహా. అది పెద్దాయనకు నచ్చదు. మీకు ఎంత ఇష్టమైన మనిషైనా, ఆయనకు నచ్చని పని కూడా మీరు చేయాల్సి వస్తుంది.

ఆయనకు నెలలో మార్పిస్తానని మాటిచ్చి మూడు నెలలైంది, ముఖం చెల్లక ఫోన్ చేయలేదని రాశారు. ఈ వారమే చేయండి. పది దాటాక అయితే క్యాన్లు కడిగేసి కాస్త ఖాళీగా ఉంటారు. ఇంకా మారలేదనీ, ఎప్పటికి మారుతుందో చెప్పలేననీ ఉన్నదున్నట్టు చెప్పండి. తర్వాత ఆ ఎర్ర సున్నాలేమిటో అడగండి. దాణా బాకీలో, చేబదులో, పాలు విరిగిన రోజులో, నేను ఊహించలేను. రెండు రోజులు ఆయన పక్కనే నిలబడ్డారు గానీ అదొక్కటీ మీరు అడగలేదు.